చౌరస్తా షాపులను కూడా లెక్కలోకి తీసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం,

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే రోడ్డు నుంచి నల్గొండ, మిర్యాలగూడ మీదుగా అద్దంకి పోయే రోడ్డు విడిపోయేది మా నార్కట్‌పల్లి దగ్గరే, అందుకే ఇక్కడ టిఫిన్ హోటళ్లు, పంక్చర్ షాపులు, కిరాణా కొట్లు పుట్టినయ్, చాలావరకు తాత మొదలుపెడితే మనవడి దాకా వచ్చినవే. తండ్రి గల్లా మీద, తల్లి పొయ్యి దగ్గర, కొడుకు కాలేజీ నుంచి రాగానే పార్సిళ్లు కడతాడు, వీళ్లకి జీతాల లెక్కే ఉండదు. ఈ విజయవాడ హైవే నంబర్ 9 నుంచి 65కి మారింది, 2012 కల్లా నాలుగు లైన్లయింది, రోడ్డు పెరిగిన ప్రతిసారీ కొట్టు వెనక్కి జరిగింది. ఇప్పుడు ఆరు లైన్లంటున్నారు. రోడ్డు కావాల్సిందే, యాక్సిడెంట్లు మేం కళ్లారా చూస్తున్నాం. కానీ సర్వేకి వచ్చేవాళ్లు పట్టా ఎవరి పేరున ఉందో అడుగుతారు గానీ అద్దెకుండి ఏళ్లుగా వ్యాపారం చేసేవాళ్లని ఎవరూ అడగరు. 2013 భూసేకరణ చట్టంలో నిర్వాసితులయ్యే చిన్న వ్యాపారులకి కనీసం 25,000 రూపాయల సాయం అని రాసుంది, 2015 నుంచి హైవేలకి కూడా అది వర్తిస్తుంది. ఆ మొత్తం ఏ మూలకీ చాలదు, అయినా అదన్నా అందాలి. అధికారులు కిరాయిదారుల లిస్టు ముందే రాసి గ్రామసభలో చదివి వినిపించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, నార్కట్‌పల్లి