మీ మెషీన్లు ఎందుకు ఆలస్యమయ్యాయి, డబ్బు ఎక్కడ ఆగింది

మీరు ఆర్డర్ ఇచ్చిన మెషీన్లు ఇంకా విదేశంలో తయారీదారు గోడౌన్‌లోనే ఉన్నాయి. మా ఖాతాలోంచి డబ్బు ఎప్పుడో కట్ అయింది, వాళ్ల ఖాతాలో ఇంకా పడలేదు, పడితే గానీ వాళ్లు సరుకు కదపరు. మరి మధ్యలో డబ్బు ఏమైందని చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే.

నిజానికి సరిహద్దు దాటేది డబ్బు కాదు, మెసేజ్. ఫలానా కంపెనీకి ఇంత ఇవ్వండి అని మా బ్యాంకు స్విఫ్ట్ అనే నెట్‌వర్క్‌లో రాసి పంపుతుంది. 1973లో బెల్జియంలో బ్యాంకులే కలిసి పెట్టుకున్న సంస్థ అది, ఇప్పుడు 200కు పైగా దేశాల్లో వాడుతున్నారు, కానీ దాని చేతిలో ఎవరి డబ్బూ ఉండదు. లెక్క తేలేదంతా బ్యాంకులు ఒకదాని దగ్గర ఒకటి తెరుచుకున్న ఖాతాల్లోనే, ఒక ఖాతాలో తగ్గించి ఇంకో ఖాతాలో పెంచుతారు. మా బ్యాంకుకీ వాళ్ల బ్యాంకుకీ మధ్య నేరుగా అలాంటి ఖాతా లేదు, కాబట్టి ఇద్దరికీ తెలిసిన మూడో బ్యాంకు కావాలి, ఒక్కోసారి నాలుగోది కూడా. వీటిని కరస్పాండెంట్ బ్యాంకులంటారు.

మనది ఆగింది అక్కడే.

దారిలో ఉన్న ప్రతి బ్యాంకూ పేర్లను ఆంక్షల జాబితాలతో, అంటే ప్రభుత్వాలు లావాదేవీలు నిషేధించిన వాళ్ల పేర్లతో, సరిచూస్తుంది, మొత్తం పెద్దదైతే సరుకేమిటి, ఎవరికోసం అని అడుగుతుంది. మధ్యలో ఉన్న ఒక బ్యాంకు ఇన్‌వాయిస్, సరుకు వివరాలు కావాలంది, వెంటనే పంపాం. కానీ ఆ బ్యాంకుకి మేం కస్టమర్లం కాదు కాబట్టి నేరుగా ఫోన్ చేయలేం, ప్రశ్న ఏ దారిన వచ్చిందో జవాబూ అదే దారిన బ్యాంకు నుంచి బ్యాంకుకి వెళ్లాలి, మధ్యలో ఒక దేశంలో సెలవు, ఇంకో దేశంలో కటాఫ్ టైమ్ దాటిపోవడం, అలా రోజులు పోతాయి.

ఈ తనిఖీల మీద నాకు కోపం లేదు. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు పేరుతో హ్యాకర్లు దొంగ స్విఫ్ట్ మెసేజ్‌లు పంపితే, అమెరికా కేంద్ర బ్యాంకు శాఖ అయిన న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌లో ఉన్న ఆ బ్యాంకు ఖాతాలోంచి 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్‌కి వెళ్లిపోయాయి, అనుమానం వచ్చి మిగతావి ఆపబట్టి సరిపోయింది గానీ అడిగింది 95 కోట్ల దాకా. అంతకుముందు 1974లో జర్మనీలో హెర్‌స్టాట్ బ్యాంకును అక్కడి పనివేళలు ముగిశాక మూసేశారు. ఆ రోజు దానికి మార్కులు (అప్పటి జర్మనీ డబ్బు) కట్టేసి, బదులుగా న్యూయార్క్‌లో రావాల్సిన డాలర్ల కోసం చూస్తున్న బ్యాంకులు అవి రాక నష్టపోయాయి. ఇవన్నీ అయ్యాక బ్యాంకులు తొందరపడవు, పడకూడదు కూడా. నన్ను బాధపెట్టేది వేరే: డబ్బు ఎవరి దగ్గర ఆగిందో ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు. ప్రతి పేమెంట్‌కీ యూఈటీఆర్ అని ఒక నంబరుంటుంది, కొరియర్ ట్రాకింగ్ లాంటిదే, దాన్ని పట్టుకుని మా బ్యాంకును గట్టిగా అడిగితేనే ఎక్కడ ఆగిందో తెలిసింది. మీరూ ఎప్పుడైనా విదేశాలకు పెద్ద మొత్తం పంపితే ఆ నంబరు, స్విఫ్ట్ కాపీ (బ్యాంకు పంపిన మెసేజ్ నకలు) తప్పక అడిగి తీసుకోండి.

ఇక మీ సంగతి. తయారీదారు ఖాతాలో జమ అయిన రోజే కొత్త డెలివరీ తేదీ రాసి పంపిస్తాను, అంతకుముందు ఊహించి తేదీ చెప్పి మళ్లీ టెన్షన్ పెట్టను. మధ్య బ్యాంకుల చార్జీలు మేమే కడుతున్నాం, మీ బిల్లులో ఒక్క రూపాయి పెరగదు. ఆగలేం అనుకున్నవాళ్లు చెప్పండి, అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇచ్చేస్తాను. ఇంకొక్క మాట, మా ఖాతా నంబరు మారిందని మా పేరుతో మెయిల్ వస్తే దయచేసి డబ్బు వేయకండి. ఇలాంటి ఆలస్యాలప్పుడే మోసగాళ్లు ఆ పని చేస్తారు, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకి ఫోన్ చేసి నన్నే అడగండి.