కొట్టంలో ఎవరి పని ఎవరిది?

సంపాదకులు గారికి నమస్కారం.

పశుపోషణ మీద పత్రికల్లో షెడ్డు కొలతలు, రాయితీలు, దాణా పాళ్లు వస్తూనే ఉంటాయి. కొట్టం నడిపే మనుషుల ఊసు ఎక్కడా రాదు. మా నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు వైపు దూడలను బరువుకు మేపడానికి కొత్తగా కొట్టం వేసేవాళ్లు కూడా రేకుల ఎత్తు గురించి నాలుగుసార్లు అడుగుతారు, పనివాళ్ల గురించి ఒక్కసారీ అడగరు. ఒక జంటను జీతానికి పెట్టి మేత, పెండ, మందులు, లెక్కలు అన్నీ వాళ్ల నెత్తినే వేస్తారు. మూడో నెలకు బరువు రాకపోతే తప్పు జాతిదో, నూనె చెక్కదో అంటారు.

2015 నుంచి మహారాష్ట్రలో ఎద్దులు, కోడెల వధ మీద కూడా నిషేధం ఉంది. అందుకే ఇక్కడ బరువు కోసం కట్టేసి మేపేవి దున్న దూడలే. అమెరికాలో వేల పశువులుండే మేత కొట్టాల్లో దాణా మిల్లు ఒకరిది, గాడి (మేత తొట్టి) చూసి రేపటి మేత చెప్పడం ఇంకొకరిది, గుర్రమెక్కి దొడ్లన్నీ తిరిగి జబ్బు పశువును పక్కకు తోలడం వేరొకరిది. మనకు అంతమంది అక్కర్లేదు. వంద దూడలకు నలుగురు పనివాళ్లు, పిలిస్తే వచ్చే డాక్టరు ఉంటే నడుస్తుంది. పనులు కలపొచ్చు, కానీ కొన్నిటిని మాత్రం ఒకరి చేతిలో పెట్టకూడదు.

అన్నిటికన్నా ముందు, దాణా కలిపేవాడే గాడి చూసేవాడు కాకూడదు. గాడి చూడటమంటే పొద్దున మొదటి మేత వేయకముందు ప్రతి దొడ్డి గాడిలో ఏం మిగిలిందో చూసి అంకె రాయడం. నాకినట్టు ఉంటే సున్నా. అడుగున పలుచగా పొర ఉంటే ఒకటి. పావు నుంచి సగం దాకా మిగిలితే రెండు, సగానికి పైగా మిగిలితే మూడు, ముట్టకపోతే నాలుగు. 150 కిలోల దూడకు ఎండు లెక్కన (తేమ తీసేస్తే) రోజుకు సుమారు 4 కిలోలు కావాలి, అంటే 25 దూడల దొడ్డికి క్వింటాలు. వరసగా రెండు మూడు రోజులు సున్నా వస్తేనే పెంచాలి, అదీ దొడ్డి మొత్తానికి ఒక్కసారికి 5 కిలోలకు మించకూడదు. ఆకలిగా ఉన్నాయి కదా అని 20 కిలోలు ఎక్కువ వేస్తే మర్నాడు మక్కపిండి కడుపులో పులుస్తుంది. పెండ పలచబడి పుల్లటి వాసన, బుడగలు. దూడ మేత మానేసి కాళ్లతో పొట్ట తన్నుకుంటుంది. బతికినా కొన్ని గిట్టల నొప్పితో కుంటుతాయి. కలిపేవాడే చూసేవాడైతే మిగిలిన మేతను ఊడ్చి పారేసి ‘సున్నా’ అని రాస్తాడు. అడిగేవాడుండడు.

కలిపేవాడి పని చిన్నదేం కాదు. కడబాకుట్టి (చొప్ప కోసే యంత్రం) కత్తి మొద్దుబారిందంటే చొప్ప పొడుగ్గా పడుతుంది, దూడలు దాన్ని పక్కకు నెట్టి పిండి ఒక్కటే ఏరుకుంటాయి. కరెంటు పోయిన పూట జరిగేదీ ఇదే. అందుకని ఒక రోజుకు సరిపడా కోసిన చొప్ప ఎప్పుడూ నిల్వ ఉండాలి. క్వింటాలు దాణాలో మాంసకృత్తుల కోసం కిలో యూరియా వేస్తే, గడ్డలు నలిపి, 2 కిలోల ఖనిజ మిశ్రమం, కిలో ఉప్పుతో పాటు ముందు పది కిలోల తౌడులో కలిపి, ఆ తర్వాతే మొత్తంలో వేయాలి. నేరుగా చల్లితే గడ్డ తిన్న దూడ గంటలోపే వణికి, పొట్ట ఉబ్బి పడిపోతుంది. డాక్టరు వచ్చేలోగా చల్లటి నీళ్లలో వెనిగర్ కలిపి తాగించాలి, సీసాలు కొట్టంలోనే ఉండాలి. ఆరు నెలల లోపు దూడలకు యూరియా వద్దు. కట్టల తీగముక్కలు, మేకులు గుండె దాకా గుచ్చుకుంటాయి, దాణా పోసే చోట అయస్కాంతం బిగిస్తే చాలావరకు అక్కడే ఆగుతాయి.

మూడో మనిషి దొడ్లు తిరిగేవాడు. పొద్దున, సాయంత్రం ప్రతి దొడ్డిలోకీ దిగి పడుకున్న వాటిని లేపాలి. చెవులు వాలిందెవరికి, ఎడమ డొక్క గుంట పడిందెవరికి, గాడి దగ్గరికి రానిదెవరు? జ్వరం పొద్దునే చూడాలి, ఎండాకాలం మధ్యాహ్నం బర్రె జాతికి ఒళ్లు ఎలాగూ కాలుతుంది. పెండ ఎత్తే ఆమెను కూడా రోజూ అడగాలి. ఏ మూల పెండ మారిందో డాక్టరు కన్నా ముందు తెలిసేది ఆమెకే, కానీ ఆమెను అడగడం చాలా కొట్టాల్లో నామోషీ.

అంగడి నుంచి కొత్తగా వచ్చినవాటిని 21 రోజులు విడిగా ఉంచాలి. వాటికి ముందు నీళ్లు, చొప్ప. దాణా మొదట మేతలో మూడో వంతు దాటకుండా మొదలుపెట్టి మూడు వారాల్లో మెల్లగా పెంచాలి. నట్టల (కడుపు పురుగుల) మందు, చెవి పోగు (నంబరు బిళ్ల), గాలికుంటు టీకా అప్పుడే. గొంతువాపు టీకా వానలకు ముందే పడాలి, ఆ జబ్బు దున్నలను తొందరగా పడగొడుతుంది. ఈ దూడలకు వేరే మనిషి దొరక్కపోతే పెద్ద కొట్టం పని అంతా అయ్యాకే వీటి దగ్గరికి పోవాలి. చెప్పులు, బకెట్టు వేరు.

మందుల పుస్తకం రాసేవాడు, పశువును అమ్మేవాడు కూడా ఒకడు కాకూడదు. తేదీ, చెవి పోగు నంబరు, మందు, మోతాదు, ఏ తేదీ దాకా అమ్మకూడదో అందులో ఉండాలి. కేంద్రం 2012లో తెచ్చిన మందుల నిబంధన ప్రకారం, మందు మీద ప్రత్యేకంగా గడువు లేకపోతే మాంసానికి కనీసం 28 రోజులు ఆగాలి. బేరగాడు గుమ్మంలో నిలబడి మంచి రేటు చెబితే అమ్మేవాడికి ఆ రోజులు గుర్తుండవు.

సగ్రోళి కృషి విజ్ఞాన కేంద్రం, ఉద్‌గీర్ పశువైద్య కళాశాల మాకు దగ్గర్లోనే ఉన్నాయి. యజమానులతో పాటు గాడి చూసేవాళ్లకు, దొడ్లు తిరిగేవాళ్లకు కూడా, తెలుగులో, కొట్టంలోనే నిలబెట్టి రెండు రోజులు నేర్పమని మా విన్నపం. రాయితీ దరఖాస్తులో షెడ్డు పటం అడిగినట్టే, ఏ పని ఎవరిదో రాసిన కాగితం కూడా పశుసంవర్ధక శాఖ అడగాలి.

ఇట్లు,
కొందరు పశుపోషకులు,
ధర్మాబాద్, నాందేడ్ జిల్లా, మహారాష్ట్ర