శిలాఫలకం ఉండదు, కప్పు మాత్రం కావాలి

ప్రభువునందు ప్రియమైన అన్నలకూ అక్కలకూ, హైదరాబాదులో, కువైట్‌లో ఉన్న మన పేట పిల్లలకూ సంఘ కమిటీ తరఫున వందనాలు.

సూటిగా విషయానికి వస్తాం. మన మందిరం కప్పు రేకులు పాడైపోయాయి. మొన్నటి వానకి బల్ల ముందు రెండు బకెట్లు పెట్టాం, ప్రభురాత్రి భోజనం జరుగుతున్నంతసేపూ వాటిలో టప్ టప్‌మని చుక్కలు పడుతూనే ఉన్నాయి, చివరికి మామ్మలు చాపలు చుట్టుకుని గోడవారకి జరిగారు. పాత రేకులు దించి, తుప్పు పట్టిన పైపులు మార్చి కొత్తవి వేయడానికి మేస్త్రీ 2,10,000 రూపాయలు చెప్పాడు. చేతిలో 64,000 ఉన్నాయి. అందులో సగం పైగా పిడికెడు బియ్యం డబ్బులే, అంటే పొద్దున ఎసరు పెట్టేముందు మన ఆడవాళ్లు ఒక్కో పిడికెడు తీసి పక్కన పోసిన బియ్యం.

ఈసారి దాతల పేర్లతో శిలాఫలకం వేయించడం లేదు. దీని మీద కమిటీలో పెద్ద గొడవే అయింది, దాచేదేముంది. పేరు వేస్తేనే పెద్ద మొత్తాలు వస్తాయని కొందరన్నారు, అదీ అబద్ధం కాదు. కానీ పోయినసారి ఫ్యాన్ల సంగతి గుర్తుందిగా? రెక్కల మీద పేర్లు రాయించాం, తిరుగుతుంటే కనపడవు, కరెంటు పోతేనే దాత ఎవరో తెలిసేది. ఆ తర్వాత ఆ ఫ్యాన్ కింద కుర్చీ ఎవరిదనే పంచాయితీ ఒకటి! బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి పాదపీఠం దగ్గర చోటు అని బైబిల్లో తన పత్రికలో యాకోబు తిట్టింది మనల్నే.

అసలు మన తాతలు క్రీస్తులోకి ఎలా వచ్చారో మర్చిపోకూడదు. మాదిగల్ని చేర్చుకుంటే మేం ఉండమని ఒంగోలులో పై కులాలవాళ్లు పట్టుబట్టినప్పుడు, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరా ఆయన భార్యా విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు, మొదటి కొరింథీ 1:26 వచ్చిందంటారు, లోకం లెక్కలో ఘనులు మీలో ఎక్కువమంది లేరనే మాట. కరువులో కూటి కోసం చేరారనే నింద రాకూడదని ఆయన కొంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, మళ్లీ మొదలుపెట్టాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఊళ్లో వాళ్లని ఎవరేమని పిలిచినా, నీళ్లలోంచి లేచాక వాళ్లు క్రీస్తువాళ్లు. మన పేరు అదే, దానికి రాయి అక్కర్లేదు.

ఉన్నదాంతో తృప్తిగా ఉండమన్నారుగా, కొత్త కప్పెందుకు అని ఒక తమ్ముడు నవ్వుతూ అడిగాడు. బైబిల్లో పౌలు, బానిసలుగా ఉన్నవాళ్లతో దిగులు పడొద్దు అన్నాడు, విడుదల దొరికితే తీసుకోమని కూడా అదే చోట అన్నాడు. తృప్తి అంటే తడుస్తూ కూర్చోవడం కాదు తమ్ముడూ.

100 అయినా 10,000 అయినా పుస్తకంలో ఒకే సైజు అక్షరాల్లో రాస్తాం, లెక్క నెలాఖరు ఆదివారం చదువుతాం. అప్పు చేసి మాత్రం ఇవ్వొద్దు. డబ్బులు సంఘం ఖాతాకే వేయండి, ఎవరి సొంత ఫోన్‌కీ వద్దు. ఇవ్వలేనివాళ్లు ఒక్క పూట రండి, సంక్రాంతి అయ్యాక వచ్చే మొదటి సోమవారం రేకులు దించుతాం. పొడవాటి నిచ్చెన ఎవరింట్లో ఉందో ముందే చెప్పండి, మన దగ్గరున్నదానికి రెండు మెట్లు విరిగాయి.