చల్లగా ఉన్న చక్రం

లింకన్‌షైర్, ఇంగ్లండ్
ఆగస్టు 24

అన్నయ్యకు,

నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని వదిన చెప్పింది, మనసు కుదుటపడింది. రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, ఉత్తరం ఎందుకు అనుకుంటావేమో. మన ట్రాక్టరు ట్రక్కుకి బ్రేకులు వేయించే సంగతి ఫోన్‌లో చెబితే "సరేలేరా, చూద్దాం" అని వేరే మాటలోకి వెళ్లిపోతావు. కాగితం మీద ఉంటే రెండోసారి చదువుతావని రాస్తున్నాను.

గోధుమ కోతలు మొదలై మూడు వారాలైంది. హార్వెస్టర్ దగ్గర గింజ నింపుకుని గోడౌన్‌కి తోలడం నా పని. ఈ జిల్లా చాలా మేరకు మన డెల్టాలాగే చదునుగా ఉంటుంది. మా పొలాలు మాత్రం వోల్డ్స్ అనే సుద్దరాతి గుట్టల మీద ఉన్నాయి. దారంతా ఎక్కుడూ దిగుడూ. ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కులో ఒక్కో ట్రిప్పుకి 14 టన్నులు.

మొన్న మంగళవారం ఒక దిగుడులో బ్రేకు తొక్కితే, వెనకనుంచి ఎవరో రెండు చేతులతో తోసినట్టయింది. ట్రక్కు ఒక పక్కకు లాగింది కూడా. ఎదురుగా బండి ఏదీ లేదు కాబట్టి సరిపోయింది. గోడౌన్‌కి వచ్చి మా ఫోర్‌మన్‌తో చెప్పాను. మబ్బు పట్టి ఉంది, కోతల హడావిడి, సాయంత్రం చూద్దామంటాడనుకున్నాను. ఆయన గింజ దింపించేసి, ట్రక్కును అక్కడికక్కడే ఆపేశాడు.

మొదట ట్రక్కు నాలుగు చక్రాల నడిమి భాగాల (హబ్బుల) దగ్గరా చెయ్యి వెనక వైపు ఆనీ ఆనకుండా పెట్టి చూశాడు. నన్నూ చూడమన్నాడు. మూడు వేడిగా ఉన్నాయి. వెనక ఎడమది మాత్రం నీడలో పడున్న ఇనుములా చల్లగా ఉంది. వేడెక్కిన చక్రంలోనే తప్పు ఉంటుందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. "ఇది పని చెయ్యట్లేదు, దీని బరువు కూడా మిగతా మూడే మోస్తున్నాయి" అన్నాడాయన.

చక్రాల లోపలి బ్రేకు డ్రమ్ములు చల్లారేదాకా ఆగాం. వేడి మీద డ్రమ్ము సాగి ఉంటుంది, అప్పుడు బిగిస్తే చల్లారాక, లోపలినుంచి దాన్ని ఒత్తి ఆపే షూలను పట్టేస్తుంది. తర్వాత మిగతా చక్రాలకు అడ్డాలు పెట్టి, జాకీతో లేపి, కింద స్టాండు పెట్టి డ్రమ్ము విప్పాం. లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదనివ్వలేదు. షూల మీది అరిగే పొర ఉంది చూడు, ఆ పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతోనే తుడవాలి అన్నాడు.

షూలను తెరిచే కామ్ షాఫ్టు తుప్పు పట్టి, అది తిరిగే గొట్టంలో (బుష్‌లో) బిగుసుకుపోయి ఉంది. గ్రీజు పట్టించే నిపుల్ మట్టితో పూడుకుపోయింది. అంటే గన్నుతో గ్రీజు కొట్టినవాడు కొట్టాననే అనుకున్నాడు, లోపలికి మాత్రం చుక్క వెళ్లలేదు. షాఫ్టు శుభ్రం చేసి, కొంచెమే గ్రీజు పెట్టాం. ఎక్కువైతే లైనింగు మీదికి కారుతుంది. ఆ ఆక్సిలుకి రెండు వైపులా కొత్త లైనింగులు వేశాం, ఒక్క వైపే వేస్తే ట్రక్కు పక్కకు లాగుతుంది.

ఇక బిగింపు. చక్రాన్ని చేత్తో తిప్పుతూ, తిరగకుండా ఆగేదాకా బ్రేకు సరిచేసే నట్టు బిగించి, మళ్లీ ఫ్రీగా తిరిగేదాకా కొద్దికొద్దిగా వదులు చెయ్యాలి. అన్ని చక్రాలకూ ఒకేలా. ఆఖర్న నన్ను బ్రేకు తొక్కమని, కామ్ షాఫ్టును తిప్పే లివరూ దాన్ని తోసే ర్యాము రాడ్డూ మూలమట్టంలా ఉన్నాయో లేదో ఆయన కిందకి వంగి చూశాడు. లైనింగు అరిగేకొద్దీ లివరు ఆ కోణం దాటి పోతుంది, తోపు కొంత వృథా అవుతుంది. స్పానర్‌ను అడ్డంగా తోస్తే నట్టు తిరుగుతుంది, పొడవు వెంట తోస్తే తిరగదు కదా, అదే లెక్క.

ఇక్కడ 2015లో ట్రాక్టర్ల వేగాన్ని గంటకు 32 నుంచి 40 కిలోమీటర్లకీ, ట్రాక్టరూ ట్రక్కూ కలిసిన బరువును 24.39 నుంచి 31 టన్నులకీ పెంచారు. ఆ మార్పుకి ముందు చేసిన ట్రక్కులు ఇంకా పొలాల్లో తిరుగుతున్నాయి. అందుకే ఆయనకి బ్రేకుల మీద అంత పట్టింపు.

ఆ రాత్రంతా నాకు మన ఏటిగట్టు దిగుడే కళ్లలో మెదిలింది. నువ్వు ఆ గట్టు మీదుగా తోలే 80 బస్తాల ధాన్యం అంటే, బస్తాకి 75 కిలోల చొప్పున 6 టన్నులు. మన ట్రాక్టరు 2 టన్నులు ఉంటుందేమో. ట్రక్కుకి బ్రేకే లేదు. ఇంతకాలం ఏమీ కాలేదంటే అది నీ చెయ్యి మంచిది కాబట్టే అన్నయ్యా. కానీ వాన పడి గట్టు జారుడుగా ఉన్న రోజున చెయ్యి ఎంత మంచిదైనా ఏం చేస్తుంది? పైగా చిన్నోడు కూడా మడ్‌గార్డు మీద కూర్చుంటున్నాడని వదిన చెప్పింది. వాణ్ణి ఎక్కించుకోకు, నా మీద ఒట్టు.

రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే లాకు వెయ్యి. దమ్ము చేసేటప్పుడు విడదీసి, అలాగే రోడ్డు మీదికి వచ్చేస్తావు నువ్వు. ఒక్క చక్రానికే బ్రేకు పడితే, వెనకున్న లోడు ట్రాక్టర్ని అడ్డం తిప్పేస్తుంది. దిగుడు మొదలవకముందే చిన్న గేరులో పెట్టు, మధ్యలో న్యూట్రల్ చెయ్యకు.

సార్వా కోతల్లోపు ట్రక్కుకి బ్రేకులున్న ఆక్సిలు వేయిద్దాం. డబ్బు నేను పంపుతాను, నాన్నకి నేనే చెబుతాను. తాడేపల్లిగూడెం షెడ్డులో అడిగి, ఇప్పుడున్న ఆక్సిలు మందం, రెండు చక్రాల మధ్య వెడల్పు టేపుతో కొలిచి పంపు. ట్రాక్టరు వెనక హైడ్రాలిక్ పైపు తగిలించే చోటు కూడా దగ్గరగా ఒక ఫోటో తియ్యి.

నీ తమ్ముడు