రాయగడ కుర్రాడికి హాకీ లీగ్ ఎంత దూరం?

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారాలు. గత ఆదివారం మీ జిల్లా అనుబంధంలో మా ఊరి హాకీ కుర్రాడి గురించి అచ్చయిన వార్త చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. రాయగడలో తెలుగు మాట్లాడే ఇంటి పిల్లవాడొకడు హాకీ కర్ర పట్టి పైకి వస్తున్నాడని గుర్తించి, ఫొటో వేసి, ఒక తెలుగు పత్రిక అంత చోటు ఇవ్వడం మా వీధివారందరికీ ఎంతో సంతోషం కలిగించింది. అయితే అతడు వచ్చే ఏడాదే హాకీ ఇండియా లీగ్‌లో ఆడబోతున్నట్టు ఆ వార్త శీర్షికలో ఉంది. నా అభ్యంతరమల్లా ఆ ఒక్క మాట మీదే. కుర్రాడికి ఇంకా పదిహేడేళ్లు. వాళ్లమ్మ ఆ కాగితాన్ని కత్తిరించి దేవుడి పటాల పక్కన అంటించింది. రేపు లీగ్ జట్లు ఆటగాళ్లను కొనుక్కునే వేలంలో అతడి పేరు వినిపించకపోతే ఆ ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగువాళ్లు కూడా వాడి ఆట అయిపోయిందనే అనుకుంటారు. పదిహేడేళ్ల పిల్లవాడి మీద ఆ భారం పెట్టకూడదు.

నేను రైల్వేలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగా వాల్తేరు డివిజన్ తరఫున, ఎడమ వైపు మధ్య వరుసలో ఆడే లెఫ్ట్ హాఫ్‌గా హాకీ ఆడాను. ఇప్పుడు సాయంత్రం పూట మైదానం గట్టు మీద కూర్చుని పిల్లల ఆట చూస్తూ ఉంటాను కనుక, ఈ కుర్రాడిని పదేళ్ల వయసు నుంచీ ఎరుగుదును. సుందర్‌గఢ్ జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక రైల్వే ఉద్యోగి కొడుకులతో కలిసి వెదురు బద్దతో ఆట మొదలుపెట్టాడు. వాడిలో నాకు మొదట కనిపించిన గుణం పరుగు కాదు. బంతి తన దగ్గరికి రాకముందే తల తిప్పి రెండు వైపులా చూసుకుంటాడు. ఎదుటి జట్టు ఫార్వర్డ్ ఎటు దూసుకురాబోతున్నాడో ఆ ఒక్క చూపులోనే పసిగట్టి, బంతి అందేసరికి ఎవరికి ఇవ్వాలో తేల్చుకుని ఉంటాడు. ఈ చూపు నేర్పితే వచ్చేది కాదని నా నమ్మకం. ఇన్నేళ్లలో ముగ్గురు నలుగురిలో తప్ప నేను దాన్ని చూడలేదు.

అంతటి ఆటగాడికి లీగ్ వెంటనే అందదని ఎందుకు అంటున్నానో చెప్పాలంటే, ముందుగా ఆ లీగ్‌లో ఉన్న చోట్లను లెక్క పెట్టుకోవాలి. 2013లో మొదలై 2017 తర్వాత ఆగిపోయిన హాకీ ఇండియా లీగ్ మళ్లీ 2024 డిసెంబరు చివర మొదలైనప్పుడు పురుషుల విభాగంలో ఎనిమిది జట్లు ఉన్నాయి. ఒక్కో జట్టులో 24 మంది. అందులో కనీసం 16 మంది భారతీయులు, వారిలో నలుగురు జూనియర్లు ఉండి తీరాలన్నది అప్పటి నిబంధన. మిగతా చోట్లు విదేశీయులవి. ఆ లెక్కన దేశం మొత్తం మీద జూనియర్లకు ఖాయంగా దక్కే చోట్లు ముప్పై రెండే. పంజాబ్, హర్యానా, మధ్యప్రదేశ్, జార్ఖండ్, ఒడిశా అకాడమీలలో రోజూ రెండు పూటలా టర్ఫ్ (కృత్రిమ గడ్డి పరిచిన మైదానం) మీద సాధన చేసే వందలాది కుర్రాళ్లంతా ఆ ముప్పై రెండు చోట్ల కోసమే ఎదురుచూస్తుంటారు. పైగా జూనియర్ అనే మాటకు వయసు గడువుంది. అంతర్జాతీయ హాకీలో 21 ఏళ్లు దాటితే ఆ తలుపు మూసుకుంటుంది, ఆ తరువాత మిగిలేది పేరున్న సీనియర్లతో నేరుగా పోటీయే. 2024 అక్టోబరు వేలంలో కనీస ధరలు రెండు లక్షలు, ఐదు లక్షలు, పది లక్షలుగా ఉండగా, అప్పటి భారత జట్టు కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్‌ను సూర్మా జట్టు 78 లక్షలకు తీసుకుంది. పురుషుల జట్టు ఒక్కోటి ఖర్చు పెట్టగలిగింది నాలుగు కోట్లు మాత్రమే కనుక, అటువంటి పెద్ద ఆటగాళ్లను కొనుక్కున్నాక మిగిలిన డబ్బుతో జూనియర్ల చోట్లు నింపుకునేటప్పుడు ఏ జట్టయినా తన కోచ్ టర్ఫ్ మీద కళ్లారా చూసిన పిల్లవాడినే పిలుస్తుంది.

అసలు చిక్కు ఆ టర్ఫ్ దగ్గరే ఉంది. మా కుర్రాడు పెరిగిన మైదానం మొరం నేల. అక్కడ బంతి గులకరాయి తగిలి ఎగురుతుంది. అందుకని అక్కడి పిల్లలు బంతిని ఆపేటప్పుడు కర్రను కాస్త పైకెత్తి, ఎగిరే బంతి కోసం సిద్ధంగా ఉంచుకుంటారు. నీళ్లు చల్లిన టర్ఫ్ మీద బంతి నేలను అంటుకుని, మట్టి మీద ఎన్నడూ చూడని వేగంతో జారి వస్తుంది. అక్కడ కర్రను పూర్తిగా పడుకోబెట్టి, ఎడమ చెయ్యి దాదాపు నేలకు తగిలేంత కిందికి దించి ఆపాలి. కిందటి వేసవిలో ఈ కుర్రాడిని నాలుగు రోజులపాటు ఒక టర్ఫ్ మైదానానికి తీసుకువెళ్లిన బృందంలో నేనూ ఉన్నాను. మొదటి రోజు అరగంటలో ఐదుసార్లు బంతి వాడి కర్ర కిందనుంచి జారిపోయింది. ప్రతిసారీ ఎప్పటిలా తల తిప్పి చూశాడు, ఎవరికి ఇవ్వాలో తేల్చుకున్నాడు, తీరా చూస్తే ఇవ్వడానికి బంతి లేదు. మూడో రోజుకు చెయ్యి దిగింది. నాలుగో రోజున మోకాళ్లు, ఎడమ చేతి వేళ్ల కణుపులు చర్మం లేచిపోయి ఉన్నా మైదానం వదిలి రానన్నాడు. నాలుగు రోజుల్లో అంత మార్పు వచ్చినవాడికి నాలుగు నెలలు దొరికితే ఎలా ఉండేదోనని తిరుగు ప్రయాణమంతా అనుకుంటూనే వచ్చాను.

ఇక మా సరిహద్దు జిల్లాల్లో ప్రతి క్రీడాకారుడి ఇంట్లోనూ వచ్చే ప్రశ్న ఈ ఇంట్లోనూ వచ్చింది. పిల్లవాడు ఒడిశా తరఫున ఆడాలా, ఆంధ్ర వైపు వెళ్లాలా? రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల తెలుగువారికి, ఒడిశా విడిగా ఏర్పడిన 1936 నుంచీ ఇల్లు ఒక రాష్ట్రంలో, చుట్టరికాలు మరో రాష్ట్రంలో ఉన్నాయి. వాడి మేనమామలు పార్వతీపురంలో ఉంటారు. ఆంధ్ర జట్టులో పోటీ తక్కువ, చోటు త్వరగా దొరుకుతుంది, పైగా మనవాళ్లు అని వారి వాదన. విశాఖ పేరు మీద గోనాసిక జట్టు, హైదరాబాద్ పేరు మీద తూఫాన్స్ జట్టు లీగ్‌లో దిగినప్పుడు, తెలుగు పిల్లవాడిని తెలుగు ఊరి జట్టే తీసుకుంటుందని కూడా వారు ఆశపడ్డారు. వారి ప్రేమను నేను శంకించను కాని, వేలంలో ఏ జట్టయినా ఏ రాష్ట్రం ఆటగాడినైనా కొనుక్కోవచ్చు. ఒడిశా ఆటగాడు శిలానంద్ లాక్రా ఆ సీజన్‌లో ఆడింది హైదరాబాద్ తూఫాన్స్‌కే. ఊరి పేరు చూసి ఎవరూ చోటివ్వరు.

ఆంధ్ర నుంచి దేశపు జట్టుకు దారి లేదని మాత్రం నేననను. అప్పటి చిత్తూరు జిల్లా ఎనుమలవారిపల్లె నుంచి బయలుదేరిన ఎతిమరపు రజని భారత జట్టు గోల్‌కీపర్ అయింది. హైదరాబాద్ నుంచి వచ్చిన ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడాడు. కానీ ఈ రోజు రాయగడలో ఉన్న పదిహేడేళ్ల వాడికి ఏది మేలని అడిగితే, నా జవాబు ఒడిశాయే. 2018 నుంచి భారత హాకీ జట్లకు అండగా ఉన్న రాష్ట్రమిది. 2018, 2023 ప్రపంచ కప్పులు ఇక్కడే జరిగాయి. రూర్కెలాలో ఇరవై వేల మంది కూర్చుని చూడగల బిర్సా ముండా స్టేడియం ఉంది. అదే ఊరి పాన్‌పోష్ క్రీడా వసతి గృహం ఎందరినో దేశపు జట్టుకు పంపింది. 2024 నవంబరులో చెన్నైలో ఒడిశా పురుషుల జట్టు ఫైనల్లో హర్యానాను 5-1తో ఓడించి తొలిసారి సీనియర్ జాతీయ టైటిల్ గెలిచింది, ఆ మ్యాచ్‌లో మూడు గోల్స్ శిలానంద్‌వే. అటువంటి జట్టులో మా కుర్రాడికి చోటు దొరకడం చాలా కష్టం. ఒకటి రెండేళ్లు బెంచి మీదే కూర్చోవలసి రావచ్చు. అయినా రోజూ టర్ఫ్ మీద దిగుతాడు, తనకంటే మెరుగైనవారి ఎదురుగా దిగుతాడు. 2025 నుంచి సీనియర్ జాతీయ పోటీలను మూడు డివిజన్లుగా విడదీసి, ఫలితాలను బట్టి జట్లను పైకీ కిందికీ మారుస్తున్నారు. దాంతో పై డివిజన్‌లో ఆడే రాష్ట్రపు శిక్షణ శిబిరంలో ఉండటానికి, కింది డివిజన్ జట్టులో మొదటి పదకొండు మందిలో ఉండటానికి మధ్య దూరం ఇంకా పెరిగింది. కిందివారి ఆట చూడటానికి లీగ్ కోచ్‌లకు తీరిక ఉండదు.

ఇక్కడ మరొక సంగతి చెప్పక తప్పదు. రెండేళ్ల కిందట ఒక ఎంపికకు వెళ్లినప్పుడు ఈ పిల్లవాడిని మైదానంలోకే దిగనివ్వలేదు. బడి రికార్డులో ఒడియా పద్ధతిలో పేరు ముందు, ఇంటిపేరు చివర ఉన్నాయి. ఆధార్‌లో మన అలవాటు ప్రకారం ఇంటిపేరు ముందు వచ్చింది. పుట్టిన ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. ముగ్గురు వేర్వేరు మనుషులని బల్ల దగ్గర కూర్చున్నవారు అనుకున్నారు. వయసు తప్పుగా చూపేవారిని పట్టుకోవడానికి అంత గట్టిగా చూస్తారని నాకు తెలుసు, అది న్యాయమే. కానీ తండ్రి ఎంత వివరించినా వినేవారు లేక, ఆ పిల్లవాడు కొత్త బూట్లు సంచిలోంచి తీయకుండానే మళ్లీ రైలెక్కాడు. అలా ఒక ఏడాది పోయింది. జూనియర్ వయసు లెక్కలో ఒక ఏడాది ఎంత విలువైనదో పైన రాశాను. ఆటలాడే పిల్లలున్న మా ప్రాంతపు తెలుగు తల్లిదండ్రులు ఈ ఉత్తరం చదివితే, మూడు కాగితాల్లోనూ పేరు ఒకే తీరున ఉండేలా ఈ రోజే సరిచేయించుకోవలసిందని చేతులు జోడించి కోరుతున్నాను. ఎంపిక జరిగే రోజున ఆ పని కాదు.

లీగ్‌కు దారి జూనియర్ చోటొక్కటే అని కూడా ఎవరూ అనుకోనక్కరలేదు. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన ఫైనల్లో బెంగాల్ టైగర్స్ 4-3తో హైదరాబాద్ తూఫాన్స్‌ను ఓడించినప్పుడు మూడు గోల్స్ కొట్టిన జుగ్‌రాజ్ సింగ్ కూడా ఒక సరిహద్దు ఊరివాడే. పాకిస్తాన్ సరిహద్దు గ్రామం అట్టారీలో చిన్నప్పుడు సందర్శకులకు జెండాలు, నీళ్ల సీసాలు అమ్మాడు. తరువాత నౌకాదళంలో ఉద్యోగం సంపాదించాడు, భారత జట్టులోకి పాతికేళ్లు దాటాకే వచ్చాడు. రైల్వే, సైనిక దళాలు, చమురు సంస్థల జట్లు జాతీయ స్థాయిలో ఆడతాయి. క్రీడా కోటాలో ఉద్యోగం దొరికితే ఇంటికి జీతం వస్తుంది, ఆటగాడికి టర్ఫ్ దొరుకుతుంది. నేను రైల్వేవాడిని కాబట్టి పక్షపాతంతో అంటున్నానని అనుకున్నా సరే, ఆటో నడిపే తండ్రి ఉన్న ఇంటికి రెండు లక్షల కనీస ధర పలికే అవకాశం కంటే నెలనెలా వచ్చే జీతమే ఆ కుర్రాడిని ఎక్కువ కాలం ఆటలో నిలబెడుతుంది.

మరి అవకాశం ఎంత అని మీ విలేకరి నన్ను అడిగి ఉంటే ఇలా చెప్పేవాడిని. వచ్చే వేలంలో అతడి పేరు వినిపించడం దాదాపు జరగని పని. ఏడాదిలోగా మంచి వసతి గృహంలోనో అకాడమీలోనో చేరి, రెండు సీజన్లపాటు గాయాలు లేకుండా టర్ఫ్ మీద మ్యాచ్‌లు ఆడితే, ఇరవై ఏళ్లు నిండేలోగా ఆ ముప్పై రెండు చోట్లలో ఒకదాని కోసం గట్టిగా పోటీ పడగలడు. ఈ మాట ఊరివాడినన్న అభిమానంతో కాక వాడు ఆడే లెఫ్ట్ హాఫ్ స్థానం ఎరిగినవాడిగా అంటున్నాను. ఫార్వర్డ్‌లు, పెనాల్టీ కార్నర్‌లో బంతిని కర్రతో లాగి గోల్‌లోకి విసిరే డ్రాగ్ ఫ్లిక్ కొట్టేవారు అకాడమీల నుంచి ఏటా చాలామంది వస్తున్నారు. ఎడమ వైపున ఒత్తిడిలో బంతిని ఆపి, తల ఎత్తి, సరైన మనిషికి అందించే హాఫ్‌లు మాత్రం అరుదు.

అందుచేత తమకు నా విన్నపం ఒక్కటే. ఈ కుర్రాడి గురించి మళ్లీ రాసినప్పుడు ఏ లీగ్‌కు వెళ్తాడని అడగకుండా, ఈ నెలలో ఎన్ని రోజులు టర్ఫ్ మీద ఆడాడు, ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, కాగితాలు సరిపోయాయా అని అడిగి రాయించండి. మీ పత్రికను మా వైపు చూసే అధికారులూ చదువుతారు. వచ్చే నెల మొదటి వారంలో అతడు ఎంపిక కోసం సమలేశ్వరి ఎక్స్‌ప్రెస్‌లో రూర్కెలా వెళ్తున్నాడు. ఈసారి మూడు కాగితాలూ నేనే సరిచూసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
రాయగడ, ఒడిశా.