కలెక్టర్ గారూ, ఇరుకు సెంటర్లలో రోడ్‌షోలు వద్దు

కలెక్టర్ గారికి నమస్కారం.

గత ఎన్నికల్లో మా ఊరి బస్టాండ్ సెంటర్‌కి ఒక అభ్యర్థి వచ్చారు. గజమాల వేయడానికి క్రేన్ తెచ్చి రోడ్డుకి అడ్డంగా పెట్టారు. ఫ్లెక్సీకి పాలాభిషేకం చేసిన కుర్రాళ్లలో మా తమ్ముడి కొడుకూ ఉన్నాడు. ప్యాకెట్లు పళ్లతో చించి మరీ పోశాడు. పాలన్నీ మురిక్కాలవలో కలిసిపోతుంటే ప్రాణం ఉసూరుమంది.

వాణ్ని తిట్టలేకపోయాను. పింఛనైనా, రోడ్డైనా ఫలానా నాయకుడి దయ వల్లే వచ్చిందని చిన్నప్పటి నుంచీ వింటున్నాడు మరి. మన హక్కు అని వాడికి ఎవరు చెప్పారు?

2022 డిసెంబర్ 28న కందుకూరు రోడ్‌షోలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు. 2025 సెప్టెంబర్ 27న తమిళనాడులోని కరూరులో, సినీ నటుడు విజయ్ పెట్టిన రాజకీయ సభలో అలాగే 41 మంది. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. రాజకీయాల్లో భక్తి పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి తీస్తుందని అంబేడ్కర్ 1949 నవంబర్ 25నే రాజ్యాంగ సభలో హెచ్చరించారు.

అభిమానాన్ని మీరు ఆపలేరు, నాకు తెలుసు. కానీ సభల్ని మైదానాలకు మార్పించగలరు. గజమాల క్రేన్లకు పర్మిషన్ ఇవ్వొద్దని పోలీసులకు చెప్పగలరు. చెప్పిన టైముకి నాయకుడు రాకపోతే జనాన్ని గంటల తరబడి ఎండలో నిలబెట్టకుండా చూడగలరు. దయచేసి ఈ ఎన్నికలకు ముందే చేయండి. ఆ గుంపులో మావాడు మళ్లీ ముందు వరసలోనే ఉంటాడండీ.