కరెంటు తీసేముందు ఒక్క మాట చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పొద్దున్నే పత్రిక చేతికి రాగానే నేను మొదట వెదికేది జిల్లా పేజీలో ఏ మూలనో చిన్న అక్షరాలతో పడే 'నేడు విద్యుత్ సరఫరా ఉండని ప్రాంతాలు' అన్న నాలుగు వరుసలను. ఊపిరితిత్తుల జబ్బుతో రోజుకు 15 గంటలకు తగ్గకుండా ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టుకోవలసిన మనిషిని కాబట్టి, ఆ వరుసల్లో మా వీధి ఉందో లేదో తేలితే గాని నాకు కాఫీ సహించదు. గత నెలలో ఒకనాడు అందులో మా పేట పేరు లేదు. అయినా పదింటికి కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది.

నా మంచం పక్కనున్న కాన్సన్‌ట్రేటర్ నిమిషానికి అయిదు లీటర్ల దాకా ఆక్సిజన్ ఇచ్చేది. గాలిలోని నైట్రోజన్‌ను తనలో పట్టి ఉంచి ఆక్సిజన్‌ను చిక్కబరచి ఇచ్చే ఈ యంత్రానికి రమారమి 350 వాట్ల కరెంటు కావాలి. ఫ్యాన్లు, దీపాలు అన్నీ ఆపేసినా మా ఇంటి ఇన్వర్టరు దాన్ని రెండున్నర గంటలకు మించి మోయలేదు. ఆనాడు పన్నెండున్నరకు అది కూడా కీచుమని చేతులెత్తేసింది. అత్యవసరానికని దాచుకున్న చిన్న ఆక్సిజన్ సిలిండరు ఉంది గాని, దాన్ని తిప్పే స్పానరు ఎక్కడుందో ఎవరికీ గుర్తులేదు. మావారు గూళ్లన్నీ కిందామీదా చేస్తూ ఉంటే, నేను మంచం అంచున ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, పెదవులు సున్నాలా చుట్టి నెమ్మదిగా ఊదుతూ గోడ గడియారాన్ని చూస్తూ కూర్చున్నాను. రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే, వేలికి తొడిగిన పరికరంలో అంకె 90 నుంచి 84కు దిగింది. స్పానరు చివరకు బియ్యం డబ్బా వెనుక దొరికింది. అది మా తప్పే, ఇప్పుడు దాన్ని తాడుతో సిలిండరుకే కట్టి ఉంచాము.

తప్పంతా మాది మాత్రం కాదు. కరెంటు పోతుందన్న సందేశం ముందురోజు సాయంత్రమే వెళ్లిందట, అయితే మీటరు ఎవరి పేరున ఉందో ఆ యజమాని ఫోనుకు. ఆయన ఉండేది బెంగళూరులో. మేము ఫోను చేసి అడిగితే, "వచ్చింది మేడమ్, మీకు కూడా వచ్చుంటుందిలే అనుకున్నాను" అన్నారు. తిరుపతిలో బాడుగ ఇళ్లలో ఉన్నవారు ఎందరో తమరికి తెలియనిది కాదు. మరమ్మతులు చేయవద్దని నేను అనను, తీగలు తెగి వీధిలో పడేకంటే ముందే బాగుచేయడం మంచిదే. 2021 నవంబరు వరదల్లాంటివి ముందే చెప్పి రావనీ తెలుసు. కాని చెప్పి తీసే కరెంటు సంగతి అది తీయడం వల్ల ఊపిరాడనివారికి చేరకపోతే, చెప్పీ ప్రయోజనమేమిటి? ఒక సర్వీసు నంబరుకు రెండు ఫోన్ నంబర్లు రాసుకోవడం, ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్నవారి చిట్టా ఒకటి విద్యుత్ సెక్షన్ కార్యాలయంలో ఉంచుకుని ముందురోజే ఒక ఫోను చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదని నా మనవి.

ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఏళ్ల తరబడి ఇరుకైపోయే నా జబ్బును వైద్యులు సీఓపీడీ అంటారు, మా వీధివాళ్లు ఉబ్బసం అంటారు. రెండూ ఒకటి కావు గాని ఆ వివరం చెప్పుకుంటూ పోతే నాకే దమ్ము చాలదు. జబ్బు పేరు తెలిసిన వారు అడిగే మొదటి ప్రశ్న, "మీ ఇంట్లో ఎవరైనా సిగరెట్లు కాల్చేవారా?" అని. ఎవరూ కాల్చలేదు. మా అత్తగారి ఊరు చిత్తూరు దాపున చెరకు మళ్ల మధ్య ఉండేది. బడిలో ఉద్యోగం రాకముందు తొమ్మిదేళ్లు కట్టెల పొయ్యి మీద వండాను. బెల్లం కాచే రోజుల్లో చెరకు పిప్పి మండే గానుగ పొయ్యి దగ్గర పొద్దుపోయేదాకా ఉండేదాన్ని. ఆ పొగ అప్పుడు కళ్లను మాత్రమే మండించిందనుకున్నాను. కట్టెలు, పిడకలు, పిప్పి పొగ ఏళ్ల తరబడి పీల్చిన ఆడవాళ్లకు ఈ జబ్బు వస్తుందని ఊపిరితిత్తుల శక్తిని ఊదించి కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేసిన నాడు గాని నాకు తెలియలేదు.

ఇప్పుడు ఊపిరిని జీతం రాళ్లలాగా లెక్కపెట్టుకుని ఖర్చు చేయడం అలవాటయింది. స్నానాల గదిలో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంటాను. కడుపునిండా తింటే పొట్ట పైకి తన్ని ఆయాసం ఎక్కువవుతుంది కనుక, అన్నం మూడు పూటలకు బదులు కొంచెం కొంచెంగా అయిదు సార్లు. ఇన్‌హేలరు పీల్చాక నోరు పుక్కిలించకపోతే నాలుక మీద తెల్లగా పూత పూస్తుంది. చేతులు పైకెత్తి జడ వేసుకోవడం మేడ ఎక్కినంత పని అని ఎవరు అనుకుంటారు? చివరకు జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాను. ఈ ఊళ్లో ఉండి స్వామికి తలనీలాలు ఇచ్చేస్తే ఇంకా సులువు కదా అని మావారి పరాచికం. ఆక్సిజన్ దగ్గర మంట ఉండకూడదు గనుక దేవుడి దగ్గర దీపం ఆయనే వెలిగిస్తారు, తిరగవాత కూడా ఆయనే వేస్తారు, వేసేముందు "వేస్తున్నా" అని కేక వేస్తారు. నేను లేచి వెళ్లి తలుపు మూసుకుంటాను. చూడవచ్చిన బంధువులు మాత్రం మిషను మీది అంకె చూసి "ఎక్కువ పెట్టుకుంటే మేలు కదా" అంటారు. మేలు కాదు. నావంటి వారిలో అవసరానికి మించిన ఆక్సిజన్ ఇస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తు కమ్ముతుంది. వేలి పరికరంలో అంకె 88కీ 92కీ మధ్య ఉంటే చాలని నా వైద్యుడి కట్టడి.

ఇంట్లో వచ్చే పొగకు ఒక కేక చాలు. వీధిలో వచ్చే పొగకు కేక వేసేవారే లేరు. మా సందు మొదట్లో రాలిన ఆకులతో పాటు ప్లాస్టిక్ సంచులను పోగేసి తెల్లవారకముందే నిప్పు పెడతారు. చలికాలంలో ఆ పొగ పైకి లేవక నేలబారునే ఇళ్లలోకి పాకుతుంది. చెత్తను బయట కాల్చకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. అదే ఏడాది డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ మామూలుగా కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చినవారికి 25,000 రూపాయలు జరిమానా అని ఉత్తర్వు ఇచ్చింది. ఆ సంగతి చెబితే నిప్పు పెట్టినతను నన్ను చూసి జాలిగా నవ్వాడు. భోగినాడు పాత టైర్లు మంటల్లో వేసే కుర్రాళ్లకు మాత్రం ఈ ఏడు నేరుగా చెప్పాను. ఇద్దరు నా దగ్గర చదువుకున్నవారి పిల్లలే కావడంతో, టైరును దొర్లించుకుంటూ వెనక్కి తీసుకెళ్లారు.

దోమల పొగ బండి సంగతి వేరు. డెంగీ వచ్చే రోజుల్లో అది అవసరమే. డీజిలులోనో కిరోసిన్‌లోనో కలిపిన మందు పొగ తెరిచిన కిటికీలోంచి ఒక్కసారిగా గదిలోకి వస్తే మాత్రం, ఆ రాత్రంతా నాకు మందును ఆవిరిలా చేసి పీల్పించే నెబ్యులైజరే గతి. బండిని ఆపమని అడగడం లేదు. చెత్త బండికి పాట పెట్టి వీధంతా వినిపించగలిగినవారు, పొగ బండి వచ్చే ముందురోజు అదే మైకులో ఒక్క మాట చెప్పిస్తే, ఆ పూటకు కిటికీలు మూసుకుని కూర్చుంటాము.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తిరుపతి.